కొత్త జట్టు, పాత పేరు

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలు ఏటా నవంబరు మొదట్లో ఆరంభమవుతాయి. అంతకు కొన్ని వారాల ముందునుంచే ఏ జట్టు ఎంతటిదో అంచనాలు కట్టడం అక్కడి పత్రికలకు ఆనవాయితీ. మన పిల్లలు కొందరు ఆ దేశంలో చదువుకొంటున్నారు గనుక ఆ ముచ్చట్లు మన యిళ్ళకూ చేరుతున్నవి. ఈ అంచనాలు ఏ లెక్కన కడతారో, ఎంతవరకు నమ్మవచ్చునో, ఒక జట్టును తీసుకొని ఈ నెల చూద్దాము.

ఆ జట్టు కనెక్టికట్ విశ్వవిద్యాలయానిది. దాని పొరుగు రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే 1891లో నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు పండ్ల బుట్టలు వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి కొట్టించి ఈ ఆటను పుట్టించాడు. ఆయన పనిచేసినది వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో. ఆ సంస్థ వారే మన మదరాసులోనూ 1920లో హారీ బక్ గారి చేత వ్యాయామ కళాశాల పెట్టించారు. కనుక ఈ ఆటతో మనకూ కొంత చుట్టరికం ఉన్నది.

కనెక్టికట్ జట్టు 2023లోనూ, 2024లోనూ వరుసగా జాతీయ విజేత అయింది. 2024 ఏప్రిల్ 8న పర్డ్యూ జట్టును 75–60తో ఓడించింది. ఆ యేడు మొత్తం మీద 37 ఆటలు గెలిచి 3 మాత్రమే ఓడింది. వరుసగా మూడోసారి గెలిచిన ఘనత అంతవరకు ఒక్క యు.సి.ఎల్.ఏ. వారికే ఉన్నది, వుడెన్ గారి శిక్షణలో వారు 1967 నుండి 1973 వరకు ఏడు మార్లు వరుసగా గెలిచారు. ఆ వరుసను కనెక్టికట్ అందుకొంటుందా అన్నదే 2024 శరత్కాలంలో అందరి ప్రశ్న.

ఇక లెక్కకు వద్దాము. ముందు ఖర్చు వ్రాయాలి. బరిలో మొదట దిగే అయిదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు: న్యూటన్, స్పెన్సర్, కాసిల్, క్లింగన్. నలుగురినీ వృత్తి జట్లు ఎంపిక చేసుకొన్నవి. కాసిల్ నాలుగోవాడుగా, ఏడడుగుల రెండంగుళాల క్లింగన్ ఏడోవాడుగా పోయారు. మిగిలినవాడు కరబన్ ఒక్కడే. ఆట 40 నిమిషాలు, బరిలో అయిదుగురు. అనగా పంచిపెట్టవలసినవి 200 నిమిషాలు. వాటిలో పెద్ద భాగానికి కొత్త హక్కుదారులు కావాలి.

తర్వాత జమ. బడి ముగించి వచ్చిన మెక్‌నీలీ ఒకడు. సెయింట్ మేరీస్ కళాశాల నుండి మహానీ, మిషిగన్ నుండి రీడ్ బదిలీపై వచ్చారు. అంతకుముందు బెంచీ మీద కూర్చుని సమయానికి దిగుతూ వచ్చిన డయారా, జాన్సన్, బాల్ ముందువరుసకు వచ్చారు. శిక్షకుడు హర్లీ కూడా ఆ జూనులో లాస్ ఏంజిలిస్ లేకర్స్ వారు పిలిచినా పోలేదు. ఇదంతా చూచి పత్రికల వారు జట్టుకు దేశంలో మూడో స్థానం కట్టారు.

జరిగినదేమిటి? నవంబరులోనే హవాయి ద్వీపాలలోని మావీ పోటీలలో మూడు రోజులలో మూడు ఆటలు ఓడిపోయింది: అదనపు సమయంలో మెంఫిస్ చేతిలో 99–97, కొలరాడో చేతిలో 73–72, డేటన్ చేతిలో 85–67. ఏడాది చివరకు 24 గెలుపులు, 11 ఓటములు. 2025 మార్చిలో జాతీయ పోటీలో ఫ్లారిడా చేతిలో 77–75తో ఆగిపోయింది. ఆ ఫ్లారిడాయే తర్వాత విజేత అయింది గనుక దానిని అవమానమనలేము. కాని మూడో కిరీటం దక్కలేదు.

అంచనా ఎక్కడ తప్పింది? మాకు తోచినది చెబుతాము. పాయింట్లు చేసేవారిని తెచ్చుకోవడం సులభం. ఎదుటివారిని ఆపేవారిని తెచ్చుకోవడం కష్టం. క్లింగన్ బుట్ట దగ్గర నిలబడితే ఎదుటివాడు బంతి వేయడానికే జంకేవాడు. ఆ జంకు ఏ పట్టికలోనూ పూర్తిగా ఎక్కదు. అతని చోటును జాన్సన్, రీడ్ పంచుకొన్నారు. జాన్సన్‌కు ఫౌళ్ళు త్వరగా పడేవి, అయిదు పడితే బయటకు నడవాలి. మెక్‌నీలీ జనవరిలో చీలమండ దెబ్బతో కొన్ని ఆటలు మానవలసివచ్చింది.

ఇందులో మనవంటి తలిదండ్రులు ఆలోచించవలసినది మరొకటి ఉన్నది. 2021కి ముందు కళాశాల మారిన ఆటగాడు సాధారణంగా ఒక యేడు కూర్చోవలసి ఉండేది. 2021లో ఒక్కసారికి ఆ నిబంధన సడలింది. 2024లో చదువు సక్రమంగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చునన్నారు. 2025 జూనులో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కళాశాలలే ఆటగాండ్లకు నేరుగా సొమ్ము ఇవ్వవచ్చును. పిల్లల చెమటకు ప్రతిఫలం దక్కడం న్యాయమే. కాని పాత కళాశాలలో మొదటి వరుసలో వెలిగిన మహానీకి కొత్తచోట నిమిషాలు చాలలేదు. 2025లో శాంటా బార్బరాకు మళ్ళీ బదిలీ అయినాడు. ఇరవై ఏండ్లు దాటుతూ ఉండగానే మూడు ఊళ్ళు! అదే సమయంలో కరబన్ ఆ యేడు కూడా వృత్తి జట్లకు పోక కనెక్టికట్‌కే తిరిగివచ్చాడు. ఇద్దరిలో ఎవరు వివేకులని మేము తీర్పు చెప్పము. తన లాభమెరిగి పోయినవాడినీ, నచ్చి నిలిచినవాడినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

కాబట్టి ఈసారి ఏ జట్టును గురించి అంచనా చదివినా, పోయిన యేటి కిరీటాలను పక్కన పెట్టండి. వెళ్ళినవారు ఆడిన నిమిషాలెన్ని, వారిలో ఎదుటివారిని ఆపేవాడెవడు, ఆ చోటుకు వచ్చినవాడు ఇదివరకు ఆ పని చేసినవాడేనా అని అడగండి. దీనికి జవాబు లేని అంచనా పేరును పొగడడమే గాని జట్టును చూడడం కాదు.