మెడలో నాళం, మిల్లీమీటరు లెక్క

ఈ మధ్య మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రిపోర్టు తరచుగా తిరుగుతోంది. మెడకి అల్ట్రాసౌండ్ తీసి, రక్తనాళం గోడ మందం ఇంత, "మీ నాళాల వయసు 52" అని కంప్యూటరే లెక్కకట్టి ఇచ్చే కాగితం. పోయిన నెల మావారు కూడా ఒక హెల్త్ క్యాంపు నుంచి అలాంటిదే తెచ్చారు. ఆయనకి 42. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. డిగ్రీలో చదివిన ఫిజిక్సు దుమ్ము దులిపి ఈ యంత్రం ఏం కొలుస్తుందో చూశాను.

మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అల్ట్రాసౌండ్‌కి తేలిగ్గా దొరుకుతాయి. ధమని గోడకి మూడు పొరలు. లోపలి రెండు పొరలు, అంటే ఇంటిమా, మీడియా కలిపిన మందమే ఈ కొలత. తెర మీద రక్తం నల్లగా, గోడ రెండు సమాంతర గీతల్లా కనిపిస్తుంది. ఆ గీతల మధ్య దూరమే ఈ మందమని ఇటలీలో పావ్లో పిన్యోలి బృందం 1986లో చూపించింది. నాళాల ముక్కల్ని అల్ట్రాసౌండ్‌తోనూ, నేరుగానూ కొలిచి పోల్చి చూశారు.

మొదట్లో మనిషే తెర మీద గీతలు గుర్తించి కొలిచేవాడు. ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వచ్చేవి. ఆ తేడా తగ్గించడానికి 1990లలో ఆటోమేటిక్ పద్ధతులు వచ్చాయి. స్వీడన్ పరిశోధకులు 1997లో ప్రకటించినది వాటిలో ఒకటి. కంప్యూటరు బొమ్మని నిలువు వరసలుగా తీసుకుని, ఒక్కో వరసలో వెలుగు ఎక్కడ మారుతోందో చూస్తుంది. తర్వాత ఆ చుక్కలన్నిటినీ కలుపుతూ గీత లాగుతుంది. ముగ్గు వేసేటప్పుడు ఒక చుక్క పక్కకి జరిగినా మన చెయ్యి గీతని సాఫీగా తీసుకెళ్ళినట్టే, అదీ దారి తప్పిన చుక్కని వదిలేస్తుంది. ఇప్పటి ప్రోగ్రాములు నిపుణులు గీసిన బొమ్మలు వేలకొద్దీ చూసి నేర్చుకుంటున్నాయి.

ఇక లెక్క చూడండి. మన ఒంట్లో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో వెళ్తుంది. 7.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో ఒక్కో తరంగం పొడవు 0.2 మిల్లీమీటర్లు. నలభైల్లో ఉన్న మనిషి నాళం గోడ మందం సుమారు 0.6, 0.7 మిల్లీమీటర్లు. అంటే మూడు నాలుగు తరంగాలంత. అయినా యంత్రం రెండు దశాంశ స్థానాలు ఎలా ఇస్తోంది? ఒక సెంటీమీటరు పొడవునా ఎన్నో చోట్ల కొలిచి సగటు తీస్తుంది కాబట్టి. అక్కడక్కడా జరిగే చిన్న తప్పులు సగటులో కొట్టుకుపోతాయి.

కానీ తక్కెడే ఒకవైపు ఒరిగి ఉంటే వందసార్లు తూచినా లాభం లేదు కదా. ప్రోబ్ ఏటవాలుగా పట్టుకున్నా, బొమ్మ వెలుగు బాగా పెంచినా కొలతలన్నీ ఒకే వైపుకి జరుగుతాయి. గుండె కొట్టుకున్నప్పుడు నాళం సాగి గోడ కాస్త పలచబడుతుంది. అందుకే గుండె సడలిన చివరి క్షణంలో కొలవాలి.

గోడ మందం పెరిగేది సగటున ఏడాదికి దాదాపు 0.01 మిల్లీమీటరు. అంటే 42కీ 52కీ మధ్య తేడా 0.1 మిల్లీమీటరు, సగం తరంగం! ప్రోబ్ పట్టుకోవడంలో చిన్న తేడా వస్తే పదేళ్ళ వయసు మీద పడుతుంది.

అలాగని ఈ కొలత ఉత్తిదేం కాదు. అమెరికాలో 1987లో మొదలైన ఏరిక్ అనే పెద్ద అధ్యయనంలో 45 నుంచి 64 ఏళ్ళ వాళ్ళని గమనించారు. మందం 1 మిల్లీమీటరు, ఆపైన ఉన్న ఆడవాళ్ళలో గుండెజబ్బు అయిదు రెట్లు, మగవాళ్ళలో దాదాపు రెండు రెట్లు కనిపించింది. బీపీ, కొలెస్ట్రాల్ వంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా తగ్గింది. అసలు మెలిక అక్కడే ఉంది. 2012లో 45,828 మంది వివరాలు కలిపి చూస్తే, మామూలు లెక్కకి ఈ కొలతని జోడించినందువల్ల వచ్చిన ప్రయోజనం చాలా స్వల్పమని తేలింది. 2010లో కొందరికి ఇది చేయవచ్చన్న అమెరికా హృద్రోగ సంఘాలే, 2013లో మామూలుగా చేయనక్కర్లేదన్నాయి. పరిశోధనల్లో మాత్రం దీని వాడకం ఉంది.

మా డాక్టరమ్మ ఆ కాగితాన్ని పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "మీ నాన్నగారికి గుండెపోటు ఏ వయసులో వచ్చింది?" అని. మా మామగారికి 53లో వచ్చింది. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు వస్తే అది లెక్కలోకి వస్తుందట. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగరు చూసి, మందుల సంగతి ఆ లెక్కల మీదే మాట్లాడారు.

మనకి పనికొచ్చే మాట ఇంకొకటుంది. 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ప్రమాదాన్ని పెంచే అంశాల జాబితా ఉంది. దక్షిణాసియా మూలాలు అందులో ఉన్నాయి. కాన్పు సమయంలో బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా రావడం, 40 ఏళ్ళ లోపే నెలసరి ఆగిపోవడం కూడా ఉన్నాయి. కాన్పయి పదేళ్ళయ్యాక ఈ సంగతి మనని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. పురుడు ఇండియాలో పోసుకున్నవాళ్ళ వివరాలు ఇక్కడి ఫైల్లో అసలే ఉండవు. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు మీరే చెప్పండి.

మీ ఇంట్లోనూ ఇలాంటి రిపోర్టు ఉంటే "వయసు" చూసి బెంబేలు పడకండి. "ప్లాక్" అన్న మాట ఉందేమో చూడండి. అది మందం కాదు, నాళంలోకి పొడుచుకొచ్చిన గడ్డలాంటిది, దాన్ని డాక్టరుకి తప్పకుండా చూపించాలి. ప్లాక్ లేదని రాసున్నా బీపీ మాత్రలు మానకూడదు. ఇక హఠాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా ఏ స్కాన్ కోసమూ ఆగకండి. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి.