గుడారం వేసే చోటు

గుడారమనగానే మన పిల్లలకు సెలవులు గుర్తుకు వస్తాయి. హైదరాబాదు నుండి యువకులు, చిన్న కుటుంబాలు నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిలకు వచ్చి, కృష్ణ ఒడ్డున గుడారం వేసుకొని ఒక రాత్రి గడిపి వెళ్లడం ఇప్పుడు వాడుకైంది. మంచిదే. ఆకాశం క్రింద ఒక్క రాత్రి పడుకున్న పిల్లవానికి ఇంటి కప్పు విలువ తెలుస్తుంది.

అయితే అదే దారిన ఎదురు ప్రయాణం ఒకటి ఎన్నో ఏళ్లుగా సాగుతున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పేద కుటుంబాలు టార్పాలిన్, వంటపాత్రలు, బియ్యం మూట కట్టుకొని హైదరాబాదుకు, బొంబాయికి, పూనాకు వెళ్తాయి. 2016 అక్టోబరులో ఈ మూడూ వేరు వేరు జిల్లాల కేంద్రాలయ్యాయి గాని, అంతకు ముందు అంతా ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాయే. ‘పాలమూరు లేబరు’ అన్న పేరు దేశమంతటా వినబడింది. నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల మట్టిపనిలో వీరి చెమట ఉన్నది. ఎత్తిపోతల పథకాల నీళ్లు వచ్చిన తరువాత వలస తగ్గింది, కాని ఆగిపోలేదు. నీరందని మెట్ట చేలు, బోరు కోసం చేసిన అప్పు, కూతురి పెండ్లి ఖర్చు – వీటిలో ఏదో ఒకటి కుటుంబాన్ని కదిలిస్తుంది. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. వానాకాలపు పంట ఇంటికి చేరాక కొందరు బయలుదేరి మృగశిర కార్తె నాటికి తిరిగి వస్తారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు.

ఈ రెండు గుడారాలకు తేడా ఎక్కడున్నది? గుడ్డలో లేదు, కర్రలలో లేదు. సోమశిలకు వచ్చినవాడు చుట్టూ చూసి, నీళ్లు పారే పల్లాన్ని విడిచి మెరక చూసుకొని గుడారం వేస్తాడు. నచ్చకపోతే ఇంకో చోటికి పోతాడు. కూలీకి ఆ ఎంపిక లేదు. మేస్త్రీ చూపిన చోటే వేయాలి. అది పునాది గుంత అంచు కావచ్చు, ప్రహరీ గోడ నీడ కావచ్చు.

ఇది చిన్న సంగతి కాదు. 2019 జూన్ 29న పూనాలోని కోంఢ్వాలో వర్షానికి ప్రహరీ గోడ కూలి, దాని ప్రక్కనే రేకుల షెడ్లలో నిద్రిస్తున్న కూలీల మీద పడింది. పిల్లలతో సహా 15 మంది చనిపోయారు. 2024 మే 7న మన హైదరాబాదు శివారులోని బాచుపల్లిలో అట్లే గోడ కూలి ఏడుగురు మరణించారు; వారిలో ఒక చిన్న బాలుడున్నాడు. వారు వేరే రాష్ట్రాలవారే. కాని ఆ చోటు ఏ ఊరి కూలీకైనా రాగలిగినదే. గోడ వారి మీద పడింది వారు పొరబాటు చేసినందుకు కాదు. అక్కడ పడుకొమ్మని ఎవరో చెప్పినందుకు.

కూలీల నివాసాన్ని గూర్చి చట్టం మౌనంగా లేదు. 1996లో పార్లమెంటు చేసిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, పని జరిగినంత కాలం కూలీలకు ఉచితంగా తాత్కాలిక నివాసం కల్పించాలని చెప్పింది. వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి వేరు వేరు వసతి ఉండాలన్నది. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పసిపిల్లల కొరకు గది ఉండాలన్నది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. కాగితం మారినా తల్లి అడగవలసిన ప్రశ్న మారదు: ‘నీళ్లెక్కడ? మరుగుదొడ్డెక్కడ? రాత్రి దీపమున్నదా? మేము పనిలో ఉంటే బిడ్డ ఎక్కడుంటాడు?’ ఈ నాలుగు ప్రశ్నలు అడ్వాన్సు చేత బట్టక ముందే అడగాలి. తరువాత అడిగితే వినేవారుండరు.

వెళ్లే కుటుంబాలు మరి కొన్ని పనులు చేసుకొని వెళ్లడం మేలు. పద్దెనిమిది నుండి అరవై ఏండ్ల లోపువారు, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు కార్మిక శాఖలో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఆ కార్డే ఆసరా. రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. బియ్యం కొరకు సొంత ఊరికి రావలసిన అవసరం ఇప్పుడు లేదు.

ఇక పిల్లల మాట. వెంట తీసుకుపోవాలా, అవ్వ తాతల దగ్గర విడిచిపోవాలా? చాలా ఇండ్లలో ఈ ఒక్క ప్రశ్నకే కన్నీళ్లు. విడిచిపోతే బడి నిలుస్తుంది గాని, ముసలివారు ఎదిగిన ఆడపిల్లకు కాపలా కాయలేమని భయపడి తొందరగా పెండ్లి చేసేస్తారు. తీసుకుపోతే కళ్లెదుట ఉంటుంది గాని, తమ్ముణ్ణి ఎత్తుకొని గుడారం దగ్గర కూర్చోవడమే ఆమె చదువవుతుంది. ఎదిగిన ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం, గురుకులం వంటి వసతి బడి మూడవ దారి. ఆ సీటు కొరకు ప్రయాణానికి ముందే తిరగండి. చిన్నపిల్లలను తీసుకుపోక తప్పకపోతే, పని స్థలానికి దగ్గరలోని సర్కారు బడిలో చేర్చండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పదునాలుగేండ్ల బిడ్డను టీ.సీ. లేదన్న కారణాన త్రిప్పి పంపకూడదు.

నగరంలో ఉన్న మన కుటుంబాలకూ ఒక మాట. మీ వీధి చివర కొత్త అపార్టుమెంటు లేస్తుంటే ప్రక్కన నీలి గుడారాలు కనిపిస్తాయి. ఒక్క బిందె నీళ్లు పట్టుకోనివ్వండి. ‘అమ్మా, మీ పిల్ల బడికి పోతున్నదా?’ అని అడిగి, ప్రధానోపాధ్యాయుని దగ్గరకు వెంట నడవండి. గుడారం గోడను ఆనుకొని ఉంటే, వాన కాలం రాక ముందే ఆ యజమానితోనూ మునిసిపాలిటీతోనూ మాట్లాడండి. కూలీ అడిగితే పని పోవచ్చు. మీరు అడిగితే ఏమీ పోదు.

ఈ సెలవులకు పిల్లలను సోమశిలకు తప్పక తీసుకువెళ్లండి. గుడారం వేసేటప్పుడు చోటు ఎట్లా చూసుకోవాలో వారికి నేర్పండి. ఆ చోటు చూసుకోలేనివారు తమ వీధిలోనే ఉన్నారని కూడా చెప్పండి.