తుంటి కీలు అరిగితే

ఈ వారం వంట సంగతి కాదు గానీ కుక్కరుతోనే మొదలుపెడతాను. గాస్కెట్టు అరిగితే కుక్కరంతా పారేస్తామా? గాస్కెట్టు ఒక్కటే మారుస్తాం. కాకపోతే ఒక కంపెనీది ఇంకో కంపెనీ కుక్కరుకు పట్టదు. తుంటి కీలు మార్పించుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి.

మార్చిన కీలులో తొడ ఎముకలోకి దింపే కడ్డీ, దాని కొనన గుండు, కటి ఎముకలో బిగించే లోహపు చిప్ప, చిప్ప లోపల ప్లాస్టిక్ గిన్నె ఉంటాయి. గుండు తిరిగీ తిరిగీ గిన్నె అరుగుతుంది. ఆ నలుసులతో పోట్లాడబోయి శరీరం చుట్టూ ఉన్న ఎముకనే కరిగించుకుంటుంది. అప్పుడు చిప్పో, కడ్డీయో పట్టు వదులుతుంది. ఇదంతా నొప్పి లేకుండా కూడా జరగొచ్చు. అందుకే బాగా నడుస్తున్నా డాక్టరు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించాలి.

ఇంగ్లండు డాక్టరు జాన్ చార్న్‌లీ మొదట్లో టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. అవునండీ, మన నాన్‌స్టిక్ పెనానికి పూసేదే! కొద్ది ఏళ్లకే అవి అరిగిపోతే 1962లో గట్టి పాలిథిలీన్‌కు మారాడు. 1990ల చివర వచ్చిన రకం ఇంకా నిదానంగా అరుగుతుంది.

పుంగనూరులో మా చిన్నత్తకు తుంటి మార్చి పదిహేడేళ్లు. గజ్జల్లో నొప్పి అంటే ఇరుగుపొరుగు వాయువులే అన్నారు. ఎక్స్‌రేలో చూస్తే గిన్నె అరిగింది. చిప్ప గట్టిగా ఉంది కాబట్టి గిన్నె, గుండు మాత్రమే మార్చారు. చిప్ప, కడ్డీ కదిలి ఉంటే వాటినీ పెకలించి, ఎముక పోయిన చోట పూడ్చాలి. చీము పడితే కొందరికి రెండు విడతలుగా చేస్తారు. ఏదైనా రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టమే, కీలు జారే భయమూ ఎక్కువే.

డాక్టరు మొదట అడిగిందేమిటో తెలుసా? పాత కీలు ఏ కంపెనీది, ఏ సైజు అని! ఆ కాగితం బీరువాలో రేషన్ కార్డు పక్కన ఉంది కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆ చిప్పకు సరిపోయే గిన్నె వెతకడమే ఒక తంటా.

ఇంకో సంగతి. లోహం మీద లోహం తిరిగే ఏ.ఎస్.ఆర్. అనే తుంటి కీలును డిప్యూ కంపెనీ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో దాన్ని వేశారు. ఆచూకీ దొరికింది వెయ్యి చిల్లర మందిదే. 2018లో కేంద్రం 30 లక్షల నుంచి 1.23 కోట్ల దాకా పరిహారం లెక్క తేల్చింది. తనకు ఏ కీలు వేశారో తెలియని మనిషి ఎట్లా పోయి అడుగుతుంది చెప్పండి?

కుప్పంలో చేయించినా, తిరుపతిలో, వేలూరులో చేయించినా డిశ్చార్జి నాడే స్టిక్కర్లు అంటించిన కాగితం అడిగి తీసుకోండి. అచ్చు వెలిసిపోతుంది, వెంటనే రెండు జెరాక్సులు తీయించండి. మా చిన్నత్తది ఒకటి మదనపల్లెలో నా దగ్గర, ఇంకోటి కుప్పంలో మా ఆడబిడ్డ దగ్గర ఉన్నాయి.