బొమ్మలు వేయడం రానివాళ్లకూ ఒక వేసవి స్టూడియో

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలిత కళల విభాగం ఉంది. భారీ స్త్రీ శిరస్సుల శిల్పాలతో దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్న జి. రవీందర్ రెడ్డి, చిత్రకారుడు వి. రమేష్ అక్కడ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఇద్దరూ బరోడాలో చదువుకున్నవారు. 1950లోనే ఒక సాధారణ విశ్వవిద్యాలయం లోపల లలిత కళల ఫ్యాకల్టీ పెట్టి, చిత్రకళను డిగ్రీ చదువుగా నిలబెట్టిన చోటు బరోడా. అంత ఒరవడి అందుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం స్టూడియోలు కళనే వృత్తిగా ఎంచుకున్న కొద్దిమందికే ఎందుకు పరిమితం కావాలి? వేసవి సెలవుల్లో ఇంజినీరింగ్, సైన్స్, కామర్స్, లా విద్యార్థుల కోసం, ఇంతవరకు ఒక్క బొమ్మా వేయనివాళ్ల కోసం అక్కడ ప్రాథమిక డ్రాయింగ్, మట్టి శిల్పం కోర్సులు నడపాలి. వాటికి మిగతా సబ్జెక్టుల్లాగే క్రెడిట్లు ఇవ్వాలి.

బొమ్మ వేయడం చేతిపని అనుకుంటాం గానీ, కొత్తల్లో తడబడేది కన్ను. బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి గీయమంటే చాలామంది పై అంచును గుండ్రంగా, అడుగును తిన్నని గీతగా వేస్తారు. గ్లాసు మూతి గుండ్రన, అడుగు చదును అని మనసుకు ముందే తెలుసు. కంటి ముందున్న వంపును ఆ తెలిసిన సంగతి కప్పేస్తుంది. దాన్ని పక్కనపెట్టి కనిపించినదాన్నే గీయాలంటే పదిసార్లు చెరిపి వేయాలి. ప్రయోగశాలలోనూ, రోగి మంచం పక్కనా, ఆగిపోయిన యంత్రం ముందూ కావలసిన ఓపిక ఇదే. నాడీకణాల మీద పరిశోధనకు 1906లో నోబెల్ పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రామొన్ ఇ కహాల్ సూక్ష్మదర్శినిలో చూసినవాటిని తన చేత్తోనే గీశాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులను మ్యూజియంలో పెయింటింగుల ముందు నిలబెట్టి, కనిపించినదంతా వివరించమంది. అలా తర్ఫీదు పొందినవాళ్లు రోగుల ఫొటోల్లోని లక్షణాలను తక్కినవారికంటే బాగా పట్టుకున్నారని 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. నిజమే, అది బొమ్మలు చూసినందువల్ల వచ్చిన ఫలితం, వేసినందువల్ల కాదు. కానీ చూస్తేనే అంత మేలు జరిగినప్పుడు, ఒకే వస్తువు ముందు మూడు గంటలు కూర్చుని గీస్తే జరగదనుకోవడానికి కారణం కనిపించదు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వార్డుల్లో పని నేర్చుకునే ఆంధ్ర మెడికల్ కాలేజీ విద్యార్థులనూ ఈ తరగతులకు పిలవాలి.

వేసవే ఎందుకంటే, స్టూడియోకు తెంపులేని సమయం కావాలి. గంట గంటకూ పీరియడ్ మారే టైంటేబుల్లో కాగితం, బొగ్గు కడ్డీలు సర్దుకునేసరికే సగం పొద్దు పోతుంది. యూజీసీ 2022లో ఇచ్చిన పాఠ్య, క్రెడిట్ విధానం ప్రకారం ప్రాక్టికల్స్‌కు ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. ఉక్కపోత పెరగకముందే పొద్దున మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు నడిపితే 60 గంటలు, రెండు క్రెడిట్లు. మొదటి ఏడాదితో చదువు ఆపేవారు సర్టిఫికెట్ కోసం వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు చేయాలని అదే విధానం అంటోంది. అంటే వేసవిలో క్రెడిట్లు సంపాదించడం మన వ్యవస్థ ఇప్పటికే ఒప్పుకున్న పద్ధతి.

ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు ఉన్న ఊళ్లో తల్లిదండ్రులు ముందు అడిగేది ఒక్కటే: దీంతో ఉద్యోగం వస్తుందా? ఈ రెండు క్రెడిట్లతోనే రాదు. వస్తుందని ఆశపెట్టి పిల్లల్ని చేర్చుకోకూడదు కూడా. వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉన్నవారు ఆ ఏడాది వదిలేసి మరో ఏడాది చేరవచ్చు. ఇక కంప్యూటరే బొమ్మలు గీస్తున్నప్పుడు చేత్తో ఎందుకన్న వాదన ఉంది. తెర మీది బొమ్మలో కొలతలు ఎక్కడ తప్పాయో పట్టుకోవడానికి కొలతలు ఎరిగిన కన్ను కావాలి, ఆ కన్ను చేత్తో గీసినప్పుడే బాగా పదునెక్కుతుంది. పరిశ్రమల ఊరికి కళ ఎందుకన్న మాట మాత్రం విశాఖ చరిత్రకే పొసగదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు దంతపు పలకల మీద లతలు, భవనాలు గీతలుగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు, కుర్చీలు ఓడలెక్కి వెళ్లాయి. వాటిలో కొన్ని ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పనికి పునాది డ్రాయింగే. రేవు వ్యాపారమూ రేఖా నైపుణ్యమూ అప్పట్లో చేయీ చేయీ కలిపి నడిచాయి. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులద్దే ఏటికొప్పాక కళాకారులు ఇప్పటికీ దగ్గర్లోనే ఉన్నారు. నాలుగు వారాల్లో ఒక వారం వాళ్లను గురువులుగా పిలిచి, తగిన గౌరవవేతనం ఇవ్వాలి.

బొమ్మలు పుట్టుకతో రావాలనే భయం చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. అందుకే మార్కులు బొమ్మ అందానికి వేయకూడదు. నాలుగు వారాల స్కెచ్ పుస్తకం తిరగేసి, చూపు ఎంత మారిందో దానికి వేయాలి. కాగితం, బొగ్గు, మట్టి పెద్ద ఖర్చు కాదు, విశ్వవిద్యాలయమే ఇవ్వగలదు. అసలు ఖర్చు బస, భోజనం. సెలవుల్లో హాస్టల్, మెస్ మూసేస్తే సిటీ పిల్లలు తప్ప ఎవరూ రాలేరు. పాడేరు నుంచో, ఇచ్ఛాపురం నుంచో వచ్చి చదువుకునే అమ్మాయి ఆ స్టూడియోలో కూర్చోవాలంటే, కోర్సు ప్రకటనతో పాటే హాస్టల్ తెరిచి ఉంచే ఉత్తర్వు కూడా రావాలి.