ఇంటిపట్టున బాపు

బాపు అనగానే 'ముత్యాలముగ్గు' (1975) గుర్తొచ్చిందా? ఆయన కాదండోయ్! కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లలు నాన్నని పిలిచే పిలుపది.

మన సినిమా నాన్నలు పొద్దున గడప దాటుతూనో, రాత్రి గడప తొక్కుతూనో కనిపిస్తారు. పగలు ఇంట్లో ఉన్నాడంటే ఉద్యోగమైనా ఊడుండాలి, గుండెనొప్పైనా వచ్చుండాలి! మరి ఇంట్లోనే పనిచేసే బాపు మాటేమిటి?

ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ (2016 నుంచి అదే ఓ జిల్లా) వెళ్లండి. అచ్చమైన 'బాపు బొమ్మలు' అక్కడ తయారవుతాయి! నకాషీ పనివారు తేలికైన పొనికి చెక్కతో చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుతారు. ఆరాక రంగులు. ఈ పని ఇంట్లోనే అయితే మధ్యలో ఒకడికి లెక్క చెప్పాలి, ఇంకొకతెకి జడ వెయ్యాలి. కుంచె ఆగితే కూలి ఆగుతుంది. కసిరితే పిల్ల అలుగుతుంది. ఏ హీరోకీ ఇంత చిక్కు రాలేదు!

నవ్వులాట కాని మాట ఒకటుంది. ఈ బొమ్మలకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ అడవిలో పొనికి చెట్టు అరుదైపోతోంది. బొమ్మ ఆడుకోడానికి సరే, బతకడానికి సరిపోతుందా? పిల్లాడు ఆ ప్రశ్న అడగడు. జవాబు బాపు మొహంలోనే చదువుకుంటాడు. రోజంతా ఎదురుగానే ఉంటాడుగా!

కథలల్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక్క సినిమాలోనైనా ఈ బాపుని హీరోని చెయ్యరూ?