వంకర కుట్టు విప్పాలా, ఉంచాలా?

నిరుడు సెవెంత్ క్లాస్ పిల్లలకు వర్క్ ఎక్స్‌పీరియన్స్ కింద ఒక చిన్న పని ఇచ్చాం. జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న పాత కాటన్ గుడ్డ ముక్కలు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టి, రన్నింగ్ స్టిచ్ వేసి తేవాలి. అందరివీ కలిపి క్లాసుకో బొంత చేద్దామని ఆలోచన. వచ్చినవాటిలో ఒకటి చూసి నాకు ముచ్చటేసింది. కుట్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పదికి పది వేసి క్లాసంతా చూపించాను. ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయి వచ్చి బ్యాగులోంచి ఇంకో ముక్క తీసింది. "ఇది నేను కుట్టింది మేడమ్. బాగాలేదని అమ్మ రాత్రి కూర్చుని వేరేది కుట్టింది" అంది.

ఆ ముక్కలో ఒక కుట్టు బియ్యపు గింజంత ఉంటే, పక్కది చింతగింజంత ఉంది. వరస ఒకవైపుకి వాలిపోయింది. కానీ గట్టిగా లాగినా ఎక్కడా ఊడలేదు. నీట్‌నెస్‌కు ఐదు మార్కులని డైరీలో రాయించింది నేనే. వాళ్లమ్మ దానికి తగ్గట్టే చేశారు.

నిజానికి అప్పటికి నాకే కుట్టు రాదు. రాని పనికి మార్కులు వేశానన్న సిగ్గుతో వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గర బొంత మొదలుపెట్టాను. నాలుగు పాత నేత చీరలు. నేల మీద పరిచి, ముడతలు లాగి, మూలల మీద బరువులు పెట్టి, పొరలు జరగకుండా ముందు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసుకోవాలి. తర్వాత మధ్యలోంచి అంచులకు కుట్టుకుంటూ పోవాలి. అమ్మమ్మ చెప్పింది ఇదే. నేను కచ్చాకుట్లు ఎందుకులే అని ఒక అంచు నుంచి మొదలుపెట్టాను. అవతలి అంచుకి చేరేసరికి పైచీర రెండు వేళ్ల వెడల్పున మడతపడి కూర్చుంది. లోపలి చీర ఎక్కడికి పోయిందో తెలియలేదు.

అది విప్పక తప్పలేదు. కానీ నేను అక్కడితో ఆగలేదు. మూడో వరస వంకరగా ఉందని విప్పాను. మళ్లీ కుట్టి మళ్లీ విప్పాను. మూడోసారి సూది రంధ్రాల వెంబడి చీర చిరిగింది. "పాత చీరమ్మాయ్, ఎన్నిసార్లు విప్పుతావు? గుచ్చిన చోటల్లా బలం పోతుంది" అంది అమ్మమ్మ.

ఏది విప్పాలో, ఏది వదిలెయ్యాలో ఆవిడకు లెక్క ఉంది. కాలిమెట్టె తగులుకునేంత పొడుగు కుట్టయితే విప్పాలి. ఒకసారి తగులుకుంటే వరసంతా ఊడుతుంది. ముడి జారితే మళ్లీ వేయాలి. అడుగున మడత పడితే పడుకున్నప్పుడు వీపుకి ఒత్తుకుంటుంది, అదీ విప్పాల్సిందే. ఇక వరస వంకర, కుట్ల హెచ్చుతగ్గులు, దారం రంగు కలవకపోవడం ఆవిడ పట్టించుకోదు. నాలుగు ఉతుకులు పడి గుడ్డ ముడుచుకున్నాక అవి పెద్దగా కనపడవు.

ఈ లెక్కే ఇంట్లోనూ క్లాసులోనూ మనకు లేకుండా పోతోందని నా అభిప్రాయం. హోంవర్క్‌లో ఒక్క అక్షరం వంకరపోతే పేజీ చించేసే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. మా అమ్మమ్మ చీరలాగే. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి లేచిన పిల్లవాడు "డిడ్ నాట్ వెంట్" అంటాడు. ఆ తప్పు దిద్దాల్సిందే, వదిలేస్తే అలవాటైపోతుంది. కానీ వాక్యం సగంలో ఆపి దిద్దితే మర్నాడు లేవడు. అలాగని ఏం చేసినా భేష్ అనమని నేను చెప్పడం లేదు. ముడి జారితే బొంతే ఉండదు.

క్లాసులో పిల్లలకు అమెరికాలోని అలబామా రాష్ట్రం, గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల ఫొటోలు చూపించాను. పొలం పనిలో చిరిగిన పాత బట్టలతోనూ కుట్టేవారు. గీతలు తిన్నగా ఉండవు. 2002లో హ్యూస్టన్‌లోని మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు, 2006లో పోస్టల్ స్టాంపులుగానూ వచ్చాయి. వెంటనే ఒక పిల్లవాడు "అయితే నాది కూడా మ్యూజియంలో పెడతారా?" అన్నాడు. పెట్టరు నాన్నా అన్నాను. వాళ్లది చెయ్యి తిరిగిన పనితనం, ఆ వంకరలు కావాలని పెట్టుకున్నవి చాలా ఉన్నాయి. మనవి రాక వచ్చినవి. రెండింటికీ తేడా పిల్లలకు తెలియాలి.

"మార్కులు పోతాయని భయం మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అన్నారు. ఆ భయం పెట్టింది మేమే కాబట్టి తియ్యాల్సిందీ మేమే. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పిల్లలు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివారి దగ్గర పని నేర్చుకోవాలంటోంది. ఆ పది రోజులకీ స్టేషనరీ షాపులో రెడీమేడ్ మోడల్ కొని పంపితే ఏం లాభం?

ఈసారి నా క్లాసులో నీట్‌నెస్ మార్కులు తీసేశాను. ఆ ఐదు మార్కులూ పిల్లలు తమ ముక్కలో ఏ కుట్టు విప్పారో, ఏది వదిలేశారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసినందుకు. ఇంగ్లిష్‌లోనే, తప్పులున్నా సరే. నిరుడు బ్యాగులో ఉండిపోయిన ఆ ముక్కని అడిగి తీసుకున్నాను, క్లాసు బొంతకు మధ్యలో అదే ఉంటుంది. మీరు ఒక పాత కాటన్ చీర ముక్క, మొన కాస్త మొద్దుగా ఉన్న పెద్ద సూది, ఒక దారం ఉండ పంపండి. ముడి వెయ్యడం మేం నేర్పుతాం. కుట్టడం మాత్రం వాళ్లకే వదిలెయ్యండి.