గల్లీలో నీకేం పని?

హాస్టల్లో ఆదివారం "ఎటైనా పోదామా" అని అడిగితే వచ్చే జవాబులు మూడే. మాల్, సినిమా, ట్యాంక్‌బండ్. నాలుగోది నేను చెప్తాను, నవ్వొద్దు. మెట్రోలో చిక్కడపల్లి స్టేషన్ దగ్గర దిగండి. మెయిన్ రోడ్డు వదిలేసి కనిపించిన మొదటి గల్లీలోకి తిరగండి. అక్కడ మీకు ఏ పనీ ఉండకూడదు. అదొక్కటే షరతు.

నాకిది అనుకోకుండా అంటుకున్న అలవాటు. సెకండియర్లో ఒకరోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకి వెళ్తే టికెట్లు దొరకలేదు. రూమ్మేటు తిట్టుకుంటూ వెనక్కి పోయాడు. నేను ఏం చేయాలో తోచక నడిచాను. పైన మెట్రో, కింద బస్సులు. ఆ హోరులోంచి పక్కకి తిరిగి వంద అడుగులు వేశానో లేదో హారన్లు ఆగిపోయాయి. ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేసింది. త్యాగరాయ గానసభ ఉన్న పేట కదా, ఒక మేడ మీంచి సరళీ స్వరాలు కూడా వినిపించాయి. ఒకే వరుస పదిసార్లు, పదిసార్లూ ఒకే చోట తప్పుతూ.

అప్పట్నుంచి చిక్కడపల్లి, దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి. నెలకి రెండు ఆదివారాలైనా తిరుగుతున్నాను. మా నాన్న భాషలో దీన్ని బలాదూర్ తిరుగుడు అంటారు.

ఈ గల్లీల్లో సెల్ఫీ దిగేంత విశేషమేమీ లేదు. ఉన్నవల్లా ఇళ్లు. గేటు పక్కన పాలరాయి పలక మీద ఎవరి అమ్మ పేరుతోనో ఒక 'నిలయం'. సిమెంటు జాలీ వరండా. గోడ దాటి బయటికి వాలిన పారిజాతం, కవర్ పట్టుకుని పక్కింటి పూలు కోసేసే పెద్దాయన. బాదం చెట్టు కింద ఇస్త్రీ బండి. అశోక్‌నగర్ వైపు వెళ్తే చేతిలో నోట్సు, పెదాలు కదుపుతూ అటూ ఇటూ నడిచే గ్రూప్స్ అభ్యర్థులు. వాళ్లని చూస్తే నాకు కాస్త గుబులుగానే ఉంటుంది. ప్లేస్‌మెంట్లు తేడా కొడితే రెండేళ్లలో ఆ గల్లీలో నేనూ పనిమీదే తిరుగుతుంటాను.

సర్వేయింగ్ ల్యాబ్‌లో ఆటోలెవెల్ పెట్టి రీడింగులు తీసుకున్నాం (సగం పక్క బ్యాచ్ దగ్గర ఎక్కించుకున్నాం అనుకోండి). లెవెల్ అంటే ఏంటో నాకు నిజంగా అర్థమైంది మాత్రం దోమలగూడలో. నడుస్తుంటే అడుగులు వాటంతటవే జోరుగా పడుతున్నాయంటే, కింద ఎక్కడో హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా ఉన్నట్టే. అది దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. ఫోన్లో మ్యాప్ చూస్తే సన్నటి గీత. నడిచి వెళ్తే ముందు వాసన తగులుతుంది, తర్వాత ఇళ్ల గుమ్మాలు ఎత్తు పెరుగుతాయి. ఒక ఇంటికి అన్ని మెట్లు ఎందుకని అడిగితే, ఆ ఇంటాయన ప్రహరీ మీద నడుమెత్తున చెయ్యి పెట్టి "2000 ఆగస్టు, ఇక్కడిదాకా" అన్నాడు. మెట్లు ఆ తర్వాత కట్టించుకున్నారట.

ఇక్కడిదాకా రాసి మా క్లాస్‌మేట్‌కి చూపించాను, తనూ సివిలే. మొత్తం చదివి, "బాగుంది. అదే ఇంటి ముందు నుంచి నేను రెండోసారి వెళ్తే వాళ్లేమనుకుంటారో అది రాయలేదే?" అంది. నేను 'ప్రశాంతంగా ఉంది' అని రాసిన చోటల్లా పెన్నుతో గీత గీసి, పక్కన 'ఎన్ని గంటలకి?' అని రాసింది. తను గల్లీ ఎంచుకునేటప్పుడు చెట్లు చూడదట. ఇస్త్రీ బండి ఉందా, కిరాణా కొట్టు తెరిచి ఉందా, వరండాలో ఎవరైనా కూర్చున్నారా అని చూస్తుందట. ఎవరూ లేకపోతే మెయిన్ రోడ్డే నయం, హారన్లయినా తోడుంటాయి అంది.

నాకు కోపం వచ్చింది. అంత మంచి వ్యాసం పాడైంది కదా. కాని తర్వాతి ఆదివారం నుంచి గల్లీని తను చెప్పినట్టు చూడ్డం మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది ఇది. పాత ఇల్లు కూల్చి ఐదంతస్తులు లేపిన చోట, ఒక్క కుటుంబం ఉన్న జాగాలో పది కుటుంబాలు వచ్చాయి. వీధిలో మనుషులు మాత్రం తగ్గారు. ఎందుకంటే కింద మొత్తం స్టిల్ట్ పార్కింగ్. రోడ్డు వైపు వరండా పోయింది, అరుగు పోయింది, కిటికీ పోయింది. మిగిలింది పిల్లర్లు, కార్లు, ఒక వాచ్‌మన్. పార్కింగ్ లేకపోతే ఆ కార్లన్నీ గల్లీలోనే ఉంటాయని నాకూ తెలుసు. అయినా స్టిల్ట్‌లో రోడ్డు వైపు ఒక గదికో, చిన్న కొట్టుకో, కనీసం వాచ్‌మన్ కుటుంబం కూర్చునే అరుగుకో చోటు వదలలేమా? రేపు ఆ ప్లాన్లు గీయబోయేది మన బ్రాంచి వాళ్లే. డ్రాయింగ్ షీట్లో పార్కింగ్ స్లాట్ కొలతలు మనకి కంఠతా వచ్చు, అరుగు కొలత ఎవరూ అడగలేదు.

గేటెడ్ కమ్యూనిటీలైతే ఇంకో మెట్టు పైన. లోపల చెట్లు, నడవడానికి చక్కటి బాట, కుక్కల బెడద లేదు. కానీ గేటు దగ్గర ఏ ఫ్లాటు, ఎవరి కోసం అని అడుగుతారు. 'ఊరికే' అని రాసుకునే గడి ఆ రిజిస్టర్లో లేదు. పనిలేని మనిషికి చోటిచ్చే వీధులు ఇంకా పాత పేటల్లోనే ఉన్నాయి, అవీ వరండాకి ఒకటి చొప్పున తగ్గిపోతున్నాయి. అందుకే ఇప్పుడే తిరగమంటున్నాను, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి, గుంపులుగానైనా సరే.

మొన్న తనూ, తన రూమ్మేటూ, నేనూ ముగ్గురం వెళ్లాం. సాయంత్రం నాలుగు. గర్ల్స్ హాస్టల్ గేటు మూసే టైము చూసుకుని పెట్టుకున్న ముహూర్తం. బాగ్‌లింగంపల్లిలో ఒక ఇంటి ముందు జాజి తీగ చూస్తూ ఆగితే, వరండాలో బియ్యం ఏరుతున్న ఆవిడ లేచి గేటు దగ్గరికి వచ్చింది.

"ఎవరింటికమ్మా?"

"ఎవరింటికీ కాదాంటీ, ఊరికే నడుస్తున్నాం."

"ఊరికేనా?" అని మమ్మల్ని ముగ్గుర్నీ కిందకీ పైకీ చూసింది. నావైపు కాస్త ఎక్కువసేపే చూసింది. మేం మలుపు తిరిగేదాకా చేట పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది.

"ఈ గల్లీ బాగుంది" అంది మా క్లాస్‌మేట్.